కేక కోసం ఆగిన బోదురుకప్ప

ఈ కథ మొదట చెప్పింది క్షయ వార్డు ఊడ్చే గవరమ్మ. హెచ్ఐవీ కూడా సోకిన క్షయరోగి ఊపిరితిత్తుల్లో జరిగేది ఇదేనట. క్రిమిని మింగే కణం కప్పట, దాన్ని చంపమని కేక వేసే కణం తీతువట; పాము హెచ్ఐవీ, పురుగు క్షయ.

ఎలుకల బొరియ వాకిట్లో బోదురుకప్ప కాపలా. వచ్చిన పురుగునల్లా మింగేది. కానీ తీతువు పిట్ట కేక వేశాకే దాన్ని అరిగించుకోవాలి. అది కప్పల తాతలనాటి కట్టుబాటు. ఒక సన్నపాము తీతువులన్నిటినీ గుట్టుగా తినేసింది.

తర్వాత నల్లపురుగు వచ్చింది. కప్ప గుటుక్కున మింగి, కేక కోసం కూర్చుంది.

"వెచ్చగా ఉంది మామా, పిల్లల్ని పెట్టుకోనా?" అంది పురుగు కడుపులోంచి.

"నోర్ముయ్. కేక రానీ, నీ పని చెప్తా."

కేక రాలేదు. పురుగుపిల్లలు కప్ప పొట్ట చీల్చుకొచ్చి బొరియంతా తొలిచేశాయి. కప్పే దొంగను కడుపులో దాచిందని ఆ ఎలుకలు ఇప్పటికీ అంటాయి. కప్ప మింగనిదెప్పుడు? కేక వేసేవాళ్లే లేకపోయారు. ఎవరైనా ఆ ఎలుకలకు ఈ మాట సరిగ్గా చెప్పండి.