రెండు ఎడమ చేతులు

కత్తెర పక్కన పెట్టి చూసుకున్న కుళ్ళాయప్పకు గుండె జారిపోయింది.

కోటుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు.

గుంతకల్లు స్టేషన్ ఎదుట ఇరవై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్న మనిషి. నిన్న నేర్చుకున్నవాడిలా తప్పు చేశాడు. అదీ చిలకలు నేసిన ఇక్కత్ గుడ్డ. బెత్తెడు కూడా మిగల్లేదు. రేపే అనంతపురంలో ఫ్యాషన్ షో. ఆ షో పెడుతున్న హేమమ్మ సాయంత్రం కోటు కోసం వస్తుంది.

అంతలో ఒక ముసలాయన పట్టీ తెగిన సంచి పట్టుకుని వచ్చాడు.

"జర ఈ పట్టీ కుడతవా బిడ్డా? బస్సుకు పోవాలె."

"నా కొంప మునిగి నేనుంటే, నీ పట్టీ యాడ కుట్టేది పెద్దాయనా?"

ఆయన కింద పడిన ఎర్ర దారం తీసుకుని, చూస్తుండగానే తెగిన పట్టీని బిగించి ముడి వేసుకున్నాడు. తర్వాత బల్ల మీది గుడ్డ మీదికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోవద్దప్పా, చెమట మరకలైతాయి."

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక చెయ్యి తిరగేసి చూడు బిడ్డా."

"తిరగేస్తే అడుగు పక్క పైకొస్తాది గదప్పా?"

"అచ్చేసిన గుడ్డకు అడుగు పక్క ఉంటది. దీనికి ముందుగాల నూలుకే రంగులద్ది నేసిండ్రు. రెండు దిక్కులా ఒక్కటే."

కుళ్ళాయప్ప తిరగేశాడు. ఎడమ చెయ్యి కాస్తా కుడి చెయ్యి అయింది. చిలక రంగు ఇసుమంత తగ్గలేదు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

తలెత్తేసరికి అనంతపురం బస్సు కదులుతోంది. ముసలాయన లేడు.

సాయంత్రం హేమ కోటు మడత విప్పి చూసి మురిసిపోయింది.

"చిలకలు ఎదురెదురుగా చూసుకుంటాండాయే. భలే కుట్టినావన్నా."

"నా తెలివి కాదమ్మా. ఎవురో పెద్దాయన చెప్పి పోయినాడు. ఆయన పట్టీ గూడా నేను కుట్టియ్యలేదు."

చెప్పేశాక మనసు తేలికపడింది.

"ఇంతకీ ఇదెవురికమ్మా? కొలతల్లో ఎడమ భుజం అంగుళం కిందికి రాసినావు. ఇట్లాంటి మాడల్ యాడుంటాడబ్బా అనుకున్యా."

"మాడల్ కాదన్నా. ఈ గుడ్డ నేసినాయనే. జీవితమంతా నేసినాడు గానీ, తన గుడ్డ కుట్టించుకుని ఒక్కసారీ వేసుకోలేదంట. రేపు అందరికంటే ముందర ఆయనే నడుస్తాడు. ఇప్పుడే అనంతపురంలో దిగినాడని మావాళ్లు ఫొటో పంపినారు, చూడు."

ఫోనులో ఆ ముసలాయన నవ్వుతున్నాడు. వాలిన ఎడమ భుజాన సంచి, దాని పట్టీకి కుళ్ళాయప్ప అంగట్లోని ఎర్ర దారం ముడి.