అంజద్ దొరికిండేమో

నారాయణఖేడ్ అంగట్లో టమాటాలు ఏరుతున్న మెహ్‌జబీన్‌ను చూడగానే నర్మద ముఖం విప్పారింది.

దవాఖానలో కౌన్సిలింగ్ చేసే మేడం ఆమె. నెలనెలా మందులకు వెళ్తే తలుపు దగ్గరికి వేసి, "తిన్నవా బిడ్డా?" అని అడిగాకే మిగతా మాటలు. భర్త పోతూ పోతూ అంటించిపోయిన హెచ్‌ఐవీ గురించి నర్మద మనసు విప్పుకున్నది ఆమె దగ్గరే. ఇంట్లో తెలిస్తే అత్త గడప దాటించేస్తుంది.

"మేడం..." అని నోరు జారింది.

పక్కనే ఉన్న అత్త అమృతమ్మ చెవిన పడనే పడింది. "మా కోడలు నీకెర్కనా?" అని అడిగింది.

మెహ్‌జబీన్ నర్మదను ఎగాదిగా చూసింది.

"తెల్వదమ్మా. ఎవలనో అనుకున్నట్టుంది."

అని తక్కెడ వైపు తిరిగిపోయింది.

గదిలో బిడ్డ, అంగట్లో ఎవరో! రోగిష్టిదాన్ని నలుగురిలో పలకరించడం నామోషీ కాబోలనుకుంది నర్మద. తమ ఊరు మనూర్ చేరేదాకా ఆటోలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ నెల మందులకు పోలేదు. మరుసటి నెలా పోలేదు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అదీ అత్త నడుములో. ఆ రోజుల్లోనే దానికో పీడ పట్టుకుంది. రెండ్రోజులకోసారి ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి "అంజద్ ఉన్నడా?" అనేది. రాంగ్ నంబరని చెప్పి చెప్పి విసిగిన అమృతమ్మ తిట్లకు దిగేది. అవతలామె అన్నీ విని, మాఫ్ చేయమని పెట్టేసేది.

మూడో నెలకు నర్మదను జ్వరం పట్టుకుంది. మనిషి చిక్కి సగమైంది. ఇక పంతం వదిలి దవాఖానకు బయల్దేరింది.

అమృతమ్మ గుమ్మంలో ఫోను చూసుకుంటూ నవ్వింది.

"గామె మూడు వారాల సంది చేస్తలేదు. అంజద్ దొరికిండేమో."

దవాఖాన గదిలో మెహ్‌జబీన్ కుర్చీలో దుర్గాభవాని అనే కొత్తామె ఉంది.

"మేడం లేదా?"

"మూడు వారాలాయె. గుండెపోటుతోని పోయింది."

అంగట్లో అవమానం ఇంకా పచ్చిగానే ఉన్నా నర్మదకు ఏడుపు ఆగలేదు.

దుర్గాభవాని రిజిస్టరులో నర్మద పేరు వెతికింది. ఒకచోట వేలు ఆగింది.

"అంజద్ నీకేమైతడు?"

"గా పేరు మీకెట్ల తెల్సు?"

"మేడం రాసిపెట్టింది," అని దుర్గాభవాని చదివింది. "ఫోను అత్తది. నర్మద ఎత్తేదాకా చేస్తనే ఉండాలె. అత్త ఎత్తితే, అంజద్ ఉన్నడా అని అడిగి పెట్టెయ్యాలె."