పక్కవాడి మాత్రలు

"ముడి వేయి" అన్నాడు డాక్టరు.

కుంజ మెహెర్ దారప్పోగు అందుకున్నాడు. వేళ్లు వంగలేదు. పోగు జారి నేల మీద పడింది.

కీళ్లవాపుతో వచ్చే నేతగాళ్లకు ఆ ఆసుపత్రిలో ఇదే పరీక్ష. రంగులో ముంచే ముందు నూలుకు కట్టే ముడి వేయగలిగితే మందు పట్టినట్టు. లేకపోతే లేదు.

రెండు నెలలు వాడినా కుంజకు మందు పట్టలేదు. పెళ్లి చీర సగంలో ఆగింది. కొత్తబియ్యం వండుకునే నువాఖాయి పండుగలోగా నేసి దించకపోతే మగ్గం ఇంకొకరికిస్తామని నేత సంఘం వాళ్లు ఇంటికొచ్చి మరీ చెప్పారు. ఆ సంగతి ప్రతిసారీ ఆసుపత్రి బెంచీ మీద అందరికీ వినిపించేలా చెప్పి ఏడ్చేవాడు.

"దాదా, మీరు రండి" అని డాక్టరు పెద్దాయన్ని పిలిచాడు.

పక్కనున్న డోలామణి లేచాడు. మహానది అవతలి ఊరివాడు. మగ్గం పోయి నాలుగేళ్లు. ఇప్పుడు మేకలు కాసుకుంటున్నాడు. ఇద్దరికీ ఒకే రోజు మందు మొదలైంది.

డోలామణి ముడి వేశాడు. ఒకటి కాదు, నాలుగు.

"వాపు తగ్గలేదే?"

"నొప్పి లేదు బాబూ. మీ మాత్ర అమృతం."

కుంజ డాక్టరు మీద విరుచుకుపడ్డాడు.

"ఆయనకు మంచివిచ్చి నాకు సుద్దబిళ్లలిస్తున్నారా?"

డాక్టరు ఇద్దరి మాత్రల అట్టలూ పక్కపక్కన పెట్టాడు. ఒకే పేరు. ఒకే రంగు.

"మందు ఒకటే కుంజా. ఒంటికీ ఒంటికీ తేడా. ఒకరికి పట్టింది ఇంకొకరికి పట్టదు. ఎవరికి పడుతుందో ముందే చెప్పలేం."

కుంజ నమ్మలేదు. బయటికి రాగానే వెళ్లి డోలామణికి అడ్డంగా నిలబడ్డాడు.

"నీ మాత్రలు నాకియ్యి దాదా. నావి నువ్వు తీసుకో."

"రెండూ ఒకటేగా తమ్ముడూ?"

"ఒకటే అయితే ఇవ్వడానికేం?"

"తీసుకో. మేకల్ని కూడా తోలుకుపోతావా?" అని నవ్వాడు డోలామణి.

ఆ నవ్వు కుంజకు పుండు మీద కారంలా తగిలింది. మేకల వెంట తిరిగేవాడికి వేళ్లెందుకు? పళ్లు లేనివాడికే దేవుడు శనగలిస్తాడు.

నెలంతా ఆ మాత్రలే మింగాడు. కడుపులో మంట తప్ప ఏమీ మిగల్లేదు.

"గుణమంతా వాడు పీల్చుకుని పిప్పి నాకిచ్చాడు" అన్నాడు భార్యతో.

"మింగని మాత్రలో గుణం ఎలా పీలుస్తాడయ్యా? నీ ఏడుపు మండ!"

మరుసటి నెల బెంచీ మీద డోలామణి లేడు. నయమైనవాడు ఎందుకొస్తాడు?

ఆ రోజే నర్సు పిలిచింది.

"మాత్ర పట్టనివాళ్లకు కొత్త సూదిమందు వచ్చింది. ఈ ఏడాదికి ఒక్కరికే. పేర్ల పట్టీలో నీ పేరుంది."

మూడో సూదికి వేళ్లు కదిలాయి. పండుగకు నాలుగు రోజుల ముందే చీర దిగింది.

సంఘానికి అప్పగించే ముందు దాన్ని మూటగట్టి చంకన పెట్టుకుని పడవెక్కాడు కుంజ. డోలామణికి చూపించాలి. నాలుగు ముళ్లకే మిడిసిపడ్డవాడు ఈ కొంగు చూసి కుళ్లాలి.

అవతలి ఊళ్లో, ఇంటి అరుగు మీద, డోలామణికి భార్య చద్దన్నం ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. అతని వేళ్లు అరచేతుల్లోకి ముడుచుకుని బిగుసుకుపోయాయి.

"వచ్చావా తమ్ముడూ! విప్పు, చీర చూద్దాం."

కుంజ చేతులు మూటను వదల్లేదు.

"నీకు మాత్ర పట్టిందిగా దాదా?"

డోలామణి మేకల వైపు చూశాడు.

"ఒక్క రోజూ పట్టలేదు" అంది అతని భార్య. "ఇక సూది వేసినా వంగిన వేళ్లు తిరిగి రావట."

"మరి ఆ ముళ్లు?"

ఆమె ఇంకో ముద్ద కలిపింది.

"సూదిమందు పట్టీలో మొదటి పేరు ఈయనదే, కింద నీ పేరుందని నర్సు చెబితే, నా మగ్గం ఎలాగూ పోయింది, వాడిదైనా ఆడనీ అని, పళ్లు బిగబట్టి ముళ్లు వేసి తన పేరు కొట్టేయించుకున్నాడు."