రాతి నర్తకి చెయ్యి

వరద తీసిన వారానికి సున్నం మేస్త్రీ నది ఒడ్డు దివాణానికి వచ్చాడు. ఏటా నది ఆ గోడల మీద నడుమెత్తు బురద మరక వదిలిపోతుంది. ఏటా అతనొచ్చి తెల్లగా కొట్టిపోతాడు. కూలి పుచ్చుకోడు. నలభై ఏళ్లుగా ఇదే వరస.

కారణం ఊరందరికీ తెలుసు. ఊళ్లో పదకొండు పాత గుళ్లున్నాయి. దివాణాన్ని ఆనుకుని ఉన్న, ఆ అయ్యగారి గుడి గూట్లో మూరెడు ఎత్తు రాతి నర్తకి ఉంది. ఎన్ని వరదలొచ్చినా ఆ బొమ్మకి గీత పడలేదు. ఒకనాడు మేస్త్రీ నిచ్చెన జరుపుతుంటే ఎత్తిన కుడిచెయ్యి ఊడి కిందపడింది. ఆ దెబ్బతో గుళ్లల్లో పని పోయింది. ‘చెయ్యి విరిచినోడు’ అనే పేరు మిగిలింది.

ఇప్పుడు యాత్రికులకి గుళ్లు చూపించే గైడు మాత్రం ఆ చెయ్యి శత్రుసైన్యం నరికిందంటాడు. ఏ సైన్యమూ ఈ ఊరి మొహం చూసిన పాపాన పోలేదు. అయినా ఎవరైనా ఆ గూటి ముందు ఆగితే చాలు, మేస్త్రీ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడు.

దివాణంలో ఇప్పుడుంటున్నది పోయిన అయ్యగారి కూతురొక్కతే. యాభై దాటినా అతనికి అమ్మాయిగారే. కాఫీ తనే తెచ్చిస్తుంది. తండ్రి కూర్చున్న కుర్చీ వేస్తుంది. మొహం చూసి మాత్రం మాట్లాడదు. ఇంకా కోపం పోలేదు కాబోలు అనుకుంటాడు మేస్త్రీ.

ఆ సాయంత్రం కుంచె కడిగి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇదే ఆఖరి పూత అమ్మాయిగారూ. మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వట్లేదు.”

“ముందలా కూర్చో మేస్త్రీ.”

“కూర్చోను. ఒక్క మాట అడిగి వెళ్తాను. ఒట్టు, ఆ రోజు నిచ్చెన గట్టిగా తగల్లేదు. రాయి అంత తేలిగ్గా ఎలా ఊడిందో నాకిప్పటికీ అర్థం కాదు. సరే, తప్పు తప్పే. అయ్యగారు క్షమించకుండానే పోయారు. మీరైనా ఆ మాటంటే ఈ బరువు దించుకుంటాను.”

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆగి, ఖాళీ గ్లాసు చేతిలో తిప్పింది.

“క్షమించాను,” అంది చివరికి, నేల చూస్తూ.

అతను చేతులు జోడించాడు. కళ్లు తుడుచుకుని, నిచ్చెన భుజానేసుకుని మెట్లు దిగాడు. గుడి దగ్గర ఆగి, నలభై ఏళ్లలో మొదటిసారి నర్తకిని తలెత్తి చూశాడు.

కిటికీలోంచి అతన్నే చూస్తూ నిలబడింది, ఆ చెయ్యి ఊడి పడటానికి ముందు రోజు దాన్ని పట్టుకుని గూటి మీదికి ఎక్కబోయి విరగ్గొట్టి, కొవ్వొత్తి మైనంతో అతికించి, నోరు మెదపకుండా పడుకున్న ఒకప్పటి పన్నెండేళ్ల పిల్ల.