ఆడదేనని రుజువు

“నువ్వు ఆడదానివేనని కాగితం కావాలి,” అన్నాడు ఆఫీసరు, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఆటస్థలం పక్కన ఇరుకు గది. బీరువా మీద దుమ్ముపట్టిన కప్పులు, అన్నీ మగవాళ్లు గెలిచినవి. ఆమె అరచేతులకు ఇంకా సుద్దపొడి అంటుకునే ఉంది. పొద్దున ఇనుప గుండును అందరికంటే మూడడుగులు ఎక్కువ దూరం విసిరింది. ఇంకో గంటలో ఆఖరి పోటీ. అందులో గెలిస్తే దేశపు జట్టులో చోటు. ఆమెకు ముప్పై రెండేళ్లు. వచ్చే ఏడు భుజం తన మాట వింటుందో లేదో ఆమెకే తెలియదు.

“నిరుడు ఇచ్చానుగా.”

“నిరుటిది నిరుటితో సరి. మళ్లీ ఫిర్యాదు వచ్చింది.”

ఫిర్యాదు చేసిన కోచ్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. పొద్దున రెండో స్థానంలో వచ్చింది అతని దగ్గర నేర్చుకునే పిల్ల.

“ఆ భుజాలు చూడండి సార్. ఆ మెడ చూడండి. పైగా మీసం కూడానూ.”

“గోదాములో రోజుకు రెండొందల బస్తాలు మొయ్యి, నీకూ వస్తాయి భుజాలు,” అందామె. “మీసమంటావా, నీకు సరిగా మొలవలేదని నా మీద ఏడవకు.”

ఆఫీసరుకు నవ్వొచ్చింది. దగ్గుతో కప్పేసుకున్నాడు.

“డాక్టరమ్మకు కబురు పెట్టాను. పక్క గదిలో చూస్తుంది. బట్టలు తీయాల్సి ఉంటుంది.”

“తెలుసు. ఇది నాలుగోసారి.” ఆమె గోడకు ఆనుకుంది. “త్వరగా రమ్మనండి. చూసేదేదో చూసి పంపిస్తే నా గుండు నేను విసురుకుంటాను.”

తలుపు బయట బల్ల మీద కూర్చున్న ఆమె మొగుడు ఇదంతా విన్నాడు. దర్జీ. మనిషి సూదిలా సన్నగా ఉంటాడు. ఒళ్లో రెండేళ్ల కూతురు. తనూ లోపలికి వస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. “నీ నోట్లో నువ్వుగింజ నానదు, ఇక్కడే ఉండు” అని కూర్చోబెట్టింది. బట్టలు తీయాలన్న మాట చెవిన పడ్డాక అతను ఆగలేకపోయాడు. పిల్లను చంకనేసుకుని లోపలికి వచ్చేశాడు.

“ఎవరు నువ్వు?” అన్నాడు ఆఫీసరు.

“దర్జీ,” అందామె చప్పున. “నా బట్టలు కుట్టేవాడు. పొమ్మంటే పోతాడు.”

పిల్ల ఆమె వైపు చేతులు చాచింది. ఆమె చేతులు కట్టుకుంది.

“ఆ పిల్లెవరు?”

“మా అక్క కూతురు.”

దర్జీ నోరు వెళ్లబెట్టాడు. “అక్కా? నీకు అక్కెక్కడిదే?”

“నువ్వు బయటికి పో.” ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. “నీకు దణ్ణం పెడతాను, పో. ఆ డాక్టరమ్మకు నా సంగతి తెలుసు. చూసి పంపించేస్తుంది. నాదేం అరిగిపోదు.”

“నీది అరగదు. నా పరువు?” అతను ఆఫీసరు వైపు తిరిగాడు. “ఏటేటా నా పెళ్లాం బట్టలిప్పించి ఆడదో మగాడో చూస్తారా? ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాను, నాకు తెలియదా? దీన్ని కన్నది ఎవరనుకున్నారు? పొద్దునే టీకా వేయించాను. ఇదిగో కార్డు, తల్లి పేరు చదువుకోండి!”

“అమ్మా!” అంటూ పిల్ల ఏడుపు అందుకుంది.

ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి చేతులు చాచి పిల్లను తీసుకుంది. పిల్ల ఆమె మెడ కరుచుకుని ఊరుకుంది.

కోచ్ తల దించుకున్నాడు. ఆఫీసరు కార్డు చదివాడు. లేచి, తన కుర్చీని ఆమె ముందుకు జరిపాడు.

“కూర్చోండమ్మా. పొరపాటయిపోయింది. డాక్టరమ్మను రావద్దంటాను.” ఫిర్యాదు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు.

దర్జీ చొక్కా సర్దుకున్నాడు. “చూశావా? ఇన్నేళ్లూ నీకు చేతకానిది ఒక్క మాటతో తేల్చేశాను.”

ఆమె ఆఫీసరు చేతిలోని కలాన్నే చూస్తోంది.

అతను పోటీదారుల జాబితా తీశాడు. వేలితో వెతికి, ఆమె పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

“ఏమీ అనుకోకండమ్మా,” అన్నాడు మర్యాదగా. “పెళ్లయిన ఆడవాళ్లను ఆడనివ్వకూడదని రూలు.”