గిజిగాడి పిల్ల అల్లిన గూడు

సలహా అడిగినవాళ్ళని నేను ఏనాడూ ఉత్త చేతులతో పంపలేదు. అడగనివాళ్ళనీ పంపలేదు. కాకిగా పుట్టి, ఏ బడి గడపా తొక్కకుండానే నాకు ఇంత ఉదార గుణం అబ్బింది.

మా ఈతచెట్టు మీద గిజిగాడి పిల్ల ఒకటి, రెక్కలు సరిగ్గా రాకముందే, గడ్డిపోచలతో గూడు అల్లేసింది. తల్లీతండ్రీ కంగారుగా నా దగ్గరికొచ్చారు.

“కాకి బావా, తోటి పిల్లల్లో కూర్చోబెడితే వీడు మొద్దుబారిపోతాడేమో. ఏ బడిలో వేయమంటావు?” అన్నాడు తండ్రి.

“చిలక బడి ఉంది, డేగ బడి ఉంది, వడ్రంగిపిట్ట బడి ఉంది. అన్నీ చూడండి. వాడి పనితనం తెలిసేలా నమూనా పట్టుకెళ్ళండి,” అన్నాను.

గూట్లోంచి గుప్పెడు పోచలు పీకి చిలకకి చూపించారు. “అల్లిక సరే, వల్లించడం వచ్చా?” అంది చిలక.

ఇంకో గుప్పెడు పీకి డేగకి చూపించారు. “పై తరగతిలో వేస్తాం. పడితే మా పూచీ లేదు,” అంది డేగ.

ఏదీ తేల్చుకోలేక వడ్రంగిపిట్ట కోసం మరో గుప్పెడు పీకారు. చివరికి కొమ్మకి ముడి ఒక్కటే మిగిలింది.

పిల్ల ముక్కున పోచ పట్టుకుని కూర్చుంది.

“అల్లు నాన్నా,” అంది తల్లి.

“ఇది ఏ బడికి చూపించడానికమ్మా?” అని అడిగి, పిల్ల పోచని జారవిడిచింది. వానాకాలమంతా పోయినా మళ్ళీ గడ్డి ముట్టలేదు.

తల్లి ఏడుస్తుంటే నేను ఇంకో రెండు బళ్ళ పేర్లు చెప్పాను. పిల్ల అల్లుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు ఇప్పటికీ రాలేదు.