నూటికి నూరు మార్కుల భర్త

ఫోన్ మోగినప్పుడు టైల్స్ మేస్త్రి అంట్లు తోముతున్నాడు. సబ్బు చేత్తోనే ఎత్తాడు.

“మేస్త్రి గారూ, ఉత్తమ భర్త మీరే. నూటికి నూరు వచ్చాయి,” అంది శిక్షణ సంస్థ మేడమ్.

మేస్త్రి కుళాయి కట్టేశాడు. ఇంత మంచి మాట నీళ్ళ చప్పుడులో కలిసిపోకూడదు కదా.

పొట్ట చేతపట్టుకుని వచ్చిన వాళ్ళ కాలనీ అది. సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక గదిలో ఎవరో ఒకరు పెళ్ళాం మీద చేయి చేసుకోవడం అక్కడ మామూలు. అది మాన్పించడానికి సంస్థ ఎనిమిది ఆదివారాలు మగవాళ్ళకి పాఠాలు చెప్పింది. ఇంటిపని ఆడవాళ్ళ సొత్తు కాదు, మొగుడు యజమాని కాదు, వగైరా. మేడమ్ గోడకి చార్టులు అంటించేది. మగవాళ్ళు శ్రద్ధగా టీ తాగేవారు.

ఫస్టు వచ్చినవాడికి తర్వాతి బ్యాచికి పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తారు. ఎండలో మోకాళ్ళ మీద టైల్స్ పరిచే మనిషికి ఫ్యాను కింద కుర్చీ అంటే మాటలా. మేస్త్రి నోట్సు కూడా రాసుకున్నాడు.

పక్కగది పెయింటర్ మొదటి వారమే పోటీలోంచి పోయాడు. “కూరలో ఉప్పు ఎక్కువైతే ఏం చేస్తారు?” అని మేడమ్ అడిగితే, పాపం, నిజం చెప్పాడు.

మేస్త్రి గదికి మేడమ్ ఒకరోజు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చింది. స్టవ్ మీద కుక్కర్ కూస్తోంది. తీగ మీద ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. మేస్త్రి నేల తుడుస్తున్నాడు.

“మీ ఆవిడ లేరా?”

“వాళ్ళమ్మ దగ్గరుందండీ.”

“మీ అనుమతి తీసుకున్నారా?”

“అమ్మ దగ్గరుండటానికి నా అనుమతి ఏంటండీ? ఆవిడిష్టం.”

మేడమ్ కళ్ళు చెమర్చాయి. ‘భార్యకు సంపూర్ణ స్వేచ్ఛ’ అన్న గడిలో టిక్కు పెట్టింది. మళ్ళీ దిద్ది లావుగా పెట్టింది.

భర్త ఎదుట భార్య నోరు విప్పదు కాబట్టి ఆమెతో విడిగా ఫోన్లో మాట్లాడాలన్నది సంస్థ నియమం. మేడమ్ అదీ పాటించింది.

“ఇంట్లో పనులు పురమాయిస్తారా అమ్మా?”

“ఇప్పటిదాకా ఒక్క గ్లాసు మంచినీళ్ళు కూడా అడగలేదండీ.”

“ఎప్పుడైనా చేయి చేసుకున్నారా?”

“అయ్యో, ఆ ప్రసక్తే రాలేదండీ.”

కాలనీ మొత్తం మీద ఇలాంటి జవాబు చెప్పిన ఆడది ఆమె ఒక్కతే.

“రేపు పదింటికి మీ మొదటి క్లాసు,” అంటోంది ఇప్పుడు మేడమ్. “పెయింటర్‌ని ముందు వరసలో కూర్చోబెడుతున్నాను. వాళ్ళావిడ మీ మీదే ఆశ పెట్టుకుంది. ఇంట్లో మీరెలా ఉంటారో అది చెప్పండి, చాలు.”

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

“రేపొక్కరోజు వదిలెయ్యండి మేడమ్, పెళ్ళయిన వారానికే ఊళ్ళో వాళ్ళమ్మ దగ్గర దింపేసి వచ్చిన మా ఆవిడ మూడేళ్ళకి మొదటిసారి ఈ గదికి వస్తోంది, ఈ వంటా అంట్లూ ఉతుకుడూ అన్నీ రేపే ఆవిడకి అప్పజెప్పేసి, వచ్చే ఆదివారం నుంచి తీరిగ్గా పాఠాలు చెప్పుకుంటాను.”